చెరువు కింది కొలత

స్పాట్ వాల్యుయేషన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ముందు అది చెప్పాలి. పదో తరగతి పరీక్షలు అయిపోయాక టీచర్లందరినీ ఒక పెద్ద బడిలో కూర్చోబెట్టి పేపర్లు దిద్దిస్తారు. పొద్దున్నే కింద ఆఫీసు గదిలో ఫోను తీసేసుకుంటారు. ఒక ప్లాస్టిక్ బుట్ట, అందులో మన ఫోను, దానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన మన పేరు చీటీ. మధ్యాహ్నం భోజనం దాకా దాని మొహం చూసే పని లేదు. మెట్లెక్కి పైకి వెళితే ఇనుప చువ్వల కిటికీలు, తిరిగామని అనిపించుకోవడానికి తిరిగే ఫ్యాన్లు, ఏప్రిల్ నెల బెజవాడ ఎండ. ఒక్కొక్కరికీ ఎర్ర పెన్ను, ఇరవై పేపర్ల కట్ట. కట్ట పూర్తికాకుండా లేస్తే మా చీఫ్ ఎగ్జామినర్ గారు కళ్ళజోడు మీదుగా చూస్తారు. ఆ చూపు చూసి, మంచినీళ్ళ కోసం లేచినవాళ్ళు కూడా దాహం లేదని కూర్చుండిపోతారు.

నేను లెక్కల టీచర్ని. గన్నవరం వైపు ఒక ప్రభుత్వ బడిలో ఉద్యోగం, గుణదలలో కాపురం. నాకు నోరు కాస్త ఎక్కువ, ఓర్పు కాస్త తక్కువ. ఇది నా మాట కాదు. మా ఆయన, మా అత్తగారు, మా హెడ్మాస్టరు ముగ్గురూ ఎవరికి వారు చెప్పిన మాట. ముగ్గురు చెప్పాక ఒప్పుకోక తప్పదు కదా.

ఆ రోజు ఉదయం నా చేతికి వచ్చిన కట్టలో ఆరో పేపరు దగ్గర నా ఎర్ర పెన్ను ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే అంతకు ముందురోజు సాయంత్రం నుంచి మొదలుపెట్టాలి. అంతకంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మాది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టుకుని బతికే కుటుంబం. నాన్న చిన్నప్పుడు సరస్సులో దోనె వేసుకుని వల వేశాడు. సరస్సు చుట్టూ చెరువులు వచ్చాక ముప్పై ఏళ్ళ పాటు ఇతరుల చెరువుల మీద పనిచేశాడు. మేత చల్లడం, కాపలా, పట్టుబడి రోజున వల లాగడం, అన్నీ ఆయనే. నీటి రంగు చూసి చేపకి ఏం జబ్బో చెప్పేవాడు. ఎవరి చెరువులో ఏ తేడా వచ్చినా "పెద్దాయన్ని పిలవండి" అనేవారు. కానీ ఆయన పేరు మీద ఒక్క చెరువు కూడా లేదు. అది కుదిరింది మొన్న మొన్న. మాకున్న పాతిక సెంట్ల చెక్కలో తవ్వించాడు. నాలుగు పక్కలా నూరేసి అడుగులు, సమ చతురస్రం. చిన్న చేపపిల్ల తెచ్చి, జానెడు అయ్యేదాకా పెంచి పెద్ద చెరువులవాళ్ళకి ఇచ్చే చెరువు అది. ఆ పిల్ల బతికితే మరుసటేడు పక్క చెక్క కూడా తవ్వించాలని ఆయన ఆశ. పోతే మళ్ళీ ఇతరుల గట్ల మీద కాపలాకి పోవాలి. అరవై ఏళ్ళు దాటిన మనిషి.

ఇంకొక ముఖ్యమైన సంగతి, రేకు పిరమిడ్. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఘనపరిమాణాల పాఠం చెప్పడానికి బొమ్మలు కావాలంటే నాన్న కైకలూరు తీసుకెళ్ళి నూనె డబ్బా రేకుతో రెండు చేయించాడు. ఒకటి పిరమిడ్, ఒకటి పెట్టె. రెండింటికీ అడుగు భాగం చదరం ఒకటే, ఎత్తు ఒకటే. పిరమిడ్‌ని తలకిందులు చేసి, దాని నిండా నీళ్ళు పట్టి పెట్టెలో పోయాలి. మూడు సార్లు పోస్తే పెట్టె సరిగ్గా నిండుతుంది. అంటే పిరమిడ్‌లో పట్టేది పెట్టెలో పట్టేదానికి మూడో వంతు. ఇది సూత్రం రాసి చెబితే పిల్లలు ఆవలిస్తారు. నీళ్ళు పోసి చూపిస్తే బెంచీలెక్కి చూస్తారు. "ఒకటీ! రెండూ! మూడూ!" అని వాళ్ళరిచే అరుపుకి పక్క క్లాసు సారు వచ్చి తొంగి చూసేవాడు. మా బడిలో నన్ను పిరమిడ్ మేడం అంటారు. నా వెనకాలే అనుకోండి.

ఆ బొమ్మలు తెచ్చిన రోజున మా పెరట్లో మొదట నీళ్ళు పోసి చూసింది నాన్నే. ఒకసారి పోశాడు, రెండోసారి పోశాడు, మూడోసారికి పెట్టె అంచుదాకా వచ్చేసరికి నోరు తెరిచాడు.

"ఓర్నీ! ఇంత వెడల్పున కనబడతా ఉంది, ఇందులో మూడో వంతేనా పట్టేది? నోరు చూసి పొట్ట లెక్కెయ్యకూడదన్నమాట" అన్నాడు.

ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నేను ఇంత బాగా ఒక్క మాటలో ఎప్పుడూ చెప్పలేకపోయాను. అది కూడా ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఇక ముందురోజు సాయంత్రం. వాల్యుయేషన్ అయ్యాక బెంజ్ సర్కిల్లో బస్సు కోసం నిలబడ్డాను. చుట్టూ హారన్ల మోత. నాన్న ఫోను చేశాడు.

"అమ్మా, పిల్లకి పేను పట్టిందే."

చేప ఒంటికి పట్టే పేను ఒకటుంటుంది. రక్తం పీల్చేస్తుంది. పిల్ల గట్టుకేసి రాసుకుని రాసుకుని నీరసించి చస్తుంది. దానికి మందు కొట్టాలి. ఆయనకి తెలిసిన పాత మందులైతే చేతి అంచనాతో కొట్టేసేవాడు. ఈసారి తెచ్చింది కొత్త మందట, బాగా ఘాటు. తక్కువైతే పేను చావదు, ఎక్కువైతే పిల్లే చస్తుంది. నీళ్ళు ఎన్ని ఘనపుటడుగులో లెక్కకట్టి దాన్ని బట్టి పొయ్యాలని షాపులో చెప్పారట.

"ఎందుకైనా మంచిదని నిన్నడుగుతున్నానమ్మా. లెక్కల టీచర్ని ఇంట్లో పెట్టుకుని నా అంచనా ఎందుకు?"

నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. కొల్లేటి మీద అందరూ సలహా అడిగే మనిషి, నన్ను అడుగుతున్నాడు.

"చెప్పు నాన్నా, కొలతలు చెప్పు."

"గట్టు మీద తాడు పట్టి చూశా. నాలుగు పక్కలా నూరేసి అడుగులు, తేడా లేదు. నీళ్ళు అయిదడుగులున్నాయి. మరి మన రేకు బొమ్మ మాదిరి కిందకి పోయేకొద్దీ ఇరుకైపోద్ది గదమ్మా, దాని సంగతేంటి?"

సరిగ్గా అప్పుడే గుణదల బస్సు వచ్చి, ఆగీ ఆగనట్టు ఆగింది.

"అబ్బ, నాన్నా! బస్సొచ్చేసింది ఇక్కడ. అవన్నీ నేను చూసుకుంటా, నువ్వు అంకెలు చెప్పు చాలు. నూరు నూర్లు పదివేలు, పదివేల అయిదులు యాభై వేలు. యాభై వేల ఘనపుటడుగులు. దానికెంతో సీసా మీద చూసి పొయ్యి."

"యాభై వేలా? సరే తల్లీ. పొద్దున పదకొండింటికి కొడతాలే, ఎండెక్కి నీళ్ళు సర్దుకున్నాక."

అంకెలు అంత గుండ్రంగా లేకపోయినా బాగుండేది. తొంభై ఏడో, నూట మూడో అయితే ఇంటికొచ్చి కాగితం తీసేదాన్ని. నూరు అనేసరికి నోటితోనే అయిపోయింది. బస్సెక్కి సీటు కూడా దొరికినందుకు సంతోషించాను.

ఇప్పుడు ఆరో పేపరు దగ్గరికి వద్దాం. ప్రశ్న ఇది. శంకువు ఆకారంలో ఉన్న పాత్ర, అంటే ఐస్‌క్రీం కోను లాంటిది, కొన కిందికి పెట్టి ఉంది. అందులో సగం ఎత్తు దాకా నీళ్ళున్నాయి. నీళ్ళెన్ని? ఆ పిల్లో పిల్లాడో బొమ్మ చాలా శుభ్రంగా వేశారు. వాలుగా దిగే గోడలు, సగంలో నీటి గీత, అంతా ఒప్పే. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాత్ర మూతి వెడల్పు తీసుకుని, నీటి ఎత్తుతో గుణించి కూర్చున్నారు. వాలు సంగతే మరిచిపోయారు.

నాకు తిక్క రేగింది. పక్క సీటులో గుడివాడ నుంచి వచ్చే పెద్దావిడ, అక్కా అని పిలుస్తాను, ఆవిడకి పేపరు చూపించాను.

"చూడక్కా ఈ ఘనకార్యం! అంచు కొలత పట్టుకుని అడుగునున్న నీళ్ళు కొలిచారు. బొమ్మేమో చేత్తో వేస్తారు, బుర్ర మాత్రం ఇంటి దగ్గర పెట్టి వస్తారు. వీళ్ళననకూడదులే, పాఠం చెప్పిన టీచరుననాలి" అన్నాను.

అని బొమ్మకి అర మార్కు వేసి, లెక్కకి సున్నా చుట్టబోయాను. సున్నా సగం చుట్టాను. మిగతా సగం చుట్టలేకపోయాను.

అంచు కొలత. అడుగునున్న నీళ్ళు. నూరు నూర్లు పదివేలు.

  గడియారం చూశాను. పదీ ఇరవై.

లేచి చీఫ్ ఎగ్జామినర్ గారి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడిన లెక్కల మనిషి. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఏమని చెబుతాను? పిరమిడ్ మేడం పిరమిడ్ మరిచిపోయిందనా?

"సార్, మా నాన్నగారికి ఒంట్లో బాగోలేదండీ. ఒక్క ఫోను చేసుకుంటాను" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "ఫోను కింద బుట్టలో ఉంది కదండీ మేడం. మీరేమో తొమ్మిదింటి నుంచి ఇక్కడే ఉన్నారు. ఆయనకి బాగోలేదని మీకెలా తెలిసిందండీ?"

నాకు అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాదు.

"నిన్న ఇద్దరి నాన్నలకి బాగోలేదు, ముందురోజు ఒకావిడ అత్తగారికి బాగోలేదు. అందరూ భోజనాల వేళకి కోలుకున్నారు. కూర్చోండి మేడం, ఒంటిగంటకి చేసుకుందురు గాని."

వచ్చి కూర్చున్నాను. ఆ పది, పదిహేను నిమిషాలు నా జీవితంలో నేను పడ్డ నరకం. కిటికీ చువ్వల్లోంచి కింద వరండా కనబడుతోంది. వరండా చివర ఆఫీసు గది, తెరిచి ఉన్న తలుపు. ఆ గదిలోనే ఎక్కడో బీరువాలో నా ఫోను. గట్టిగా కేకేస్తే వినబడే దూరం. కానీ ఎవరిని కేకెయ్యను, ఏమని కేకెయ్యను? అక్కడ అరవై కిలోమీటర్లకి పైన ఆయన డ్రమ్ములో మందు కలుపుకుంటూ ఉంటాడు. ఆయన ఏ పనీ ఆలస్యం చెయ్యడు. పదకొండంటే పదకొండే.

ఒక పిచ్చి ఆశ పుట్టింది. తేడా కొంచెమే ఉంటుందేమో, అయిదో వంతో ఆరో వంతో, పిల్ల తట్టుకుంటుందేమో! పేపర్ల కట్టకి చుట్టిన కాగితం వెనక లెక్క మొదలుపెట్టాను. చెరువు తవ్వించిన రోజు నేను గట్టు మీదే ఉన్నాను. గట్టు జారిపోకుండా, అడుగు దిగితే రెండడుగులు లోపలికి రావాలని నాన్న చెబుతుంటే విన్నాను కూడా. గట్టు మీంచి అడుగు దాకా తొమ్మిదడుగుల లోతు. అంటే ఒక్కో పక్కనా పద్దెనిమిది అడుగులు లోపలికి వచ్చేస్తుంది. పైన నూరున్న చెరువు అడుగున అరవై నాలుగే. అయిదడుగుల నీళ్ళంటే నీటి మట్టం దగ్గర ఎనభై నాలుగు. మన రేకు పిరమిడ్‌ని తలకిందులు చేసి, కింద కొన నరికేస్తే అదే నాన్న చెరువు. ఎనభై నాలుగు అడుగుల పెద్ద పిరమిడ్‌ని లెక్కకట్టాను. అందులోంచి, నరికేసిన అరవై నాలుగు అడుగుల చిన్న పిరమిడ్‌ని తీసేశాను. రెండింటికీ మూడో వంతు సూత్రమే. ఇరవై ఏడు వేల అయిదు వందల చిల్లర వచ్చింది.

యాభై వేలని చెప్పాను. దాదాపు రెట్టింపు మందు.

 పక్కనున్న అక్క "ఏమైందమ్మా, ఒళ్ళంతా చెమటలు పట్టాయి నీకు" అంది. గడియారంలో పదీ నలభై. అప్పుడు తెగించాను. పరువు పోతే పోయింది. లేచి, ఆ కాగితమూ ఆరో పేపరూ రెండూ పట్టుకుని మళ్ళీ ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"సార్, ఇందాక అబద్ధం చెప్పాను. మా నాన్నకి ఏ జబ్బూ లేదు. నిన్న సాయంత్రం చేపల చెరువులో నీళ్ళెన్నో నన్నడిగాడు. ఈ పేపర్లో పిల్లలు చేసిన తప్పే నేను చేశాను. అంచు కొలతతో చెప్పాను. పదకొండింటికి మందు పోసేస్తాడు. పిల్లంతా చచ్చిపోతుంది సార్."

గొంతు తగ్గించి చెప్పాననే అనుకున్నాను. గదిలో పెన్నుల చప్పుడు ఆగిపోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "చేపలకా!" అన్నారింకెవరో. చెవులు కాలిపోయాయి నాకు. మామూలుగా అయితే వెనక్కి తిరిగి నాలుగు దులిపేదాన్ని. ఆ రోజు నవ్వనీ అనుకున్నాను.

చీఫ్ ఎగ్జామినర్ గారు మాత్రం నవ్వలేదు. కాగితం లాక్కుని చూశారు. అక్కడితో ఫోను ఇమ్మని చీటీ రాసిస్తే ఎంత బాగుండేది! ఆయనా లెక్కల మనిషే కదా, నా ఖర్మ, లెక్క సరిచూడటం మొదలుపెట్టారు.

"వాలు ఒకటికి రెండా? నాలుగు పక్కలా అంతేనా? ఊఁ... ఎనభై నాలుగు ఎనభై నాలుగులు..."

"సార్, లెక్క సరిపోయింది సార్! దయచేసి పంపించండి సార్!"

"ఆగండి మేడం, నిన్న కూడా సరిపోయిందనే కదా చెప్పారు."

 ఆయన చివరిదాకా చేసి, నా అంకే వచ్చాక, చీటీ మీద సంతకం పెట్టారు. "పరుగెత్తండి. ఒక్క ఫోనే, చేసి వచ్చేయాలి" అన్నారు.

పరుగెత్తాను. కింద ఆఫీసులో అటెండరు బీరువా తాళం క్యాంపు ఆఫీసరు గారి దగ్గరుందన్నాడు. ఆయన ఎక్కడంటే టీకి వెళ్ళారన్నాడు. టీ ఎక్కడంటే చెయ్యెత్తి గేటు వైపు చూపించాడు. గేటుకి అవతల రోడ్డు, గేటు దాటకూడదు. నేను గేటు చువ్వలు పట్టుకుని "సార్! సార్!" అని అరిచిన అరుపుకి టీ కొట్టు దగ్గర ఉన్న జనమంతా తిరిగి చూశారు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, ఏం కొంపలంటుకున్నాయోనని వచ్చారు. బీరువా తెరిచి, బుట్ట తీసి, అన్ని ఫోన్లలో నాది వెతికి చేతికిచ్చేసరికి పదకొండు దాటి ఆరు నిమిషాలు.

నాన్న ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. అమ్మకి చేశాను.

"నాన్నేడీ? ఫోనియ్యి, తొందరగా!"

"ఇదుగో, ఇప్పుడే దోనె దిగి కాళ్ళు కడుక్కుంటన్నారు. ఏవండీ, అమ్మాయి!"

నాన్న గొంతు ఉత్సాహంగా ఉంది. "అయిపోయిందమ్మా. నువ్వు చెప్పినంతే పోశా. ఇంత కూడా తేడా రానియ్యలా."

"నాన్నా, లెక్క తప్పు. రెట్టింపు చెప్పాను. నువ్వన్నదే రైటు, కింద ఇరుకు. నీళ్ళు పెట్టు నాన్నా, ఇంజనేసి కొత్త నీళ్ళు పెట్టు."

 కాలవ పక్కన ఎవరిదో ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"సరేనమ్మా" అన్నాడు. "నువ్వు కంగారు పడమాక."

ఫోను పెట్టేశాడు. క్యాంపు ఆఫీసరు గారు చెయ్యి చాపితే ఫోను ఇచ్చేశాను. మళ్ళీ చీటీ చుట్టారు, మళ్ళీ బుట్టలో పడేశారు. పైకెళ్ళి కూర్చున్నాను. ఇంకా పద్నాలుగు పేపర్లు మిగిలున్నాయి. ఆరో పేపరు సున్నా సగంలోనే ఉంది. మార్కులు ఎలా వెయ్యాలో రాసిచ్చిన కాగితం ప్రకారం దానికి అర మార్కు తప్ప ఇంకేమీ రాదు. మిగతా సగం చుట్టాను. ఆ పేపరు రాసినవాళ్ళ తప్పుకి శిక్ష వాళ్ళే అనుభవించారు, నా తప్పుకి శిక్ష ఎవరిది? ఏడుపొచ్చింది. పేపర్ల మీద తడి పడకూడదు కనక కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం ఫోను చేతికొచ్చాక అమ్మే చెప్పింది. "కొత్త నీళ్ళు పెట్టినా ఆగలేదే, చెరువు తెల్లగా అయిపోయింది. మూల మూలకీ తేలినాయి. ఏదో గుప్పెడు మిగిలినట్టుంది." నాన్న వల పట్టుకుని చచ్చిన పిల్లని ఎత్తుతున్నాడంది.

ఆదివారం ఊరెళ్ళాను. వీధి మొదట్లోనే పక్కింటి బాబాయి ఆపాడు.

"మీ నాన్నకి చూపు తగ్గినట్టుందమ్మా. మందు కొలిచే మూత మీద గీత కనబడక రెండింతలు పోశాడంట. ఎటువంటి చెయ్యి! ఆయన చెయ్యి తప్పడమేంటి! బెజవాడ తీసుకెళ్ళి కళ్ళద్దాలు వేయించమ్మా, నీకు పుణ్యముంటది."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. నాన్న అందరికీ అలా చెప్పాడు. అమ్మకి కూడా అదే చెప్పాడు. కొల్లేటి మీద పెద్దాయన అనిపించుకున్న మనిషి, నీటి రంగు చూసి జబ్బు చెప్పే మనిషి, తనకి కళ్ళు కనబడటం లేదని ఊరంతా చెప్పుకున్నాడు. నేనప్పుడు "బాబాయ్, ఆయన తప్పు కాదు, నాది" అనాలి. అనలేదు. "అలాగే బాబాయ్, తీసుకెళ్తాను" అన్నాను. గదినిండా టీచర్ల ముందు చెప్పగలిగినదాన్ని, సొంత వీధిలో ఒక్క మనిషికి చెప్పలేకపోయాను. టీచరమ్మ టీచరమ్మ అని నెత్తిన పెట్టుకునే వీధి అది. నా పిరికితనానికి ఇంతకంటే సాకు లేదు.

అమ్మ ఊరుకోలేదు. కళ్ళు చూపించాల్సిందేనని పట్టుబట్టింది. వారం తిరక్కుండా ముగ్గురం బెజవాడలో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నాం. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా అక్షరాల అట్ట పెట్టారు. పెద్ద అక్షరాలు చదివాడు, వాటి కింద చిన్నవి చదివాడు, అట్టకి అడుగున చీమల్లా ఉన్న వరస కూడా గడగడా చదివాడు.

"దూరానికి ఏ ఢోకా లేదండీ పెద్దాయనా" అన్నాడు డాక్టరు. "దగ్గరికి కూడా ఈ వయసుకి ఇంత చూపు ఉండటం గొప్పే."

అమ్మ నాన్న మొహం కేసి చూసింది. "మరి ఆ రోజు మూత మీద గీత కనబడలేదన్నారు?"

"ఎండ కొట్టుంటదిలే" అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. నేను గోడ మీద వేలాడే కంటి బొమ్మ చూస్తూ కూర్చున్నాను. ఏ తలుపూ వెయ్యకుండా, ఏ ఫోనూ లాక్కోకుండా నన్నెవరో ఆ గదిలో బంధించినట్టుంది. ఆయన చెప్పనివ్వడు, నేను చెప్పలేను. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఆ సాయంత్రం బస్సు దగ్గర ఆయన మాట నాకు అలాగే కనబడింది, అందుకే ఈ కుర్చీలో ఆయన కూర్చున్నాడు.

తర్వాత ఆయన ఆరేడు నెలలు ఇతరుల గట్ల మీద కాపలాకి వెళ్ళాడు. "ఊరికే కూర్చుంటే తోచదమ్మా" అన్నాడు.  క్లాసులో రేకు పిరమిడ్ తీసినప్పుడల్లా నాకు చెయ్యి బరువెక్కేది. "ఒకటీ, రెండూ, మూడూ" అని పిల్లలు అరుస్తుంటే అటు తిరిగి బోర్డు తుడిచేదాన్ని.

మళ్ళీ పిల్ల వేశాడని అమ్మ చెప్పింది గాని, నాన్న నాతో ఆ మాట ఎత్తలేదు. ఒక ఆదివారం ఉదయం ఇంట్లో ఇడ్లీలు పెడుతుంటే ఫోను మోగింది. నాన్న.

"అమ్మా, మళ్ళీ పేనొచ్చింది. కాగితం తెచ్చుకో."

స్టవ్ ఆపేశాను. కాగితం తెచ్చుకుని కింద కూర్చున్నాను.

"రాసుకో. గట్టు మీద నూరు. నీళ్ళ కాడ ఎనభై నాలుగు. అడుగున అరవై నాలుగు. నీళ్ళు అయిదడుగులు. చెరువు ఎండగట్టినప్పుడు నేనే దిగి తాడు పట్టి చూశాలే, నాలుగు పక్కలా. నువ్వు మళ్ళీ అడుగుతావేమోనని గోడ మీద రాసుకున్నా."

ఏ అంకెలు నేను పేపర్ల కట్ట కాగితం మీద వేసుకున్నానో అవే అంకెలు. నేను లెక్కకట్టి తెలుసుకున్నవి ఆయన బురదలో దిగి తెలుసుకున్నాడు.  వెనక ఎవరివో మాటలు వినబడుతున్నాయి. పక్కింటి బాబాయి గొంతు గుర్తుపట్టాను.

"నాన్నా, ఫోను స్పీకర్లో ఉందా?"

"ఆఁ, ఉంది. బాబాయి వాళ్ళూ ఉన్నారు. మా అమ్మాయి లెక్క చెబుద్దంటే విందామని వచ్చారు."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసింది. "బాబాయ్, నువ్వు కూడా విను" అన్నాను. "పోయినసారి మా నాన్న చెయ్యి తప్పలేదు. కళ్ళు తప్పలేదు. నేను లెక్క తప్పు చెప్పాను. కింద ఇరుకవుద్ది చూడమని ఆయన చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు. నేను చెప్పినంత ఆయన చుక్క తేడా లేకుండా పోశాడు. ఆ పిల్లని చంపింది నేను."

 బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఇంత చెప్పాక ఒళ్ళు తేలికవుతుందనుకున్నాను, కాలేదు. నాన్న ఏమంటాడోనని పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఆ సంగతి ఇప్పుడెవరడిగారమ్మా?" అన్నాడు నాన్న. "నువ్వు అంకె చెప్పు."

కాగితం మీద లెక్కకట్టాను. మళ్ళీ కట్టాను. అవతల ముగ్గురు నలుగురు కాచుకుని ఉన్నారు. ఒక్కరు కూడా తొందర పెట్టలేదు. మూడోసారి కూడా అదే వచ్చింది.

"ఇరవై ఏడు వేల అయిదు వందల నలభై ఆరు, నాన్నా."

"ఇరవై ఏడు వేల అయిదు వందల నలభై ఆరు" అన్నాడు నాన్న పక్కవాళ్ళతో, గట్టిగా. "మా అమ్మాయి చెప్పింది. మందు కలపండి."